హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లో ఒంట్లో ఏం జరుగుతుంది? హెపటైటిస్ సీ తోడైతే ఏం మారుతుంది?

హెచ్‌ఐవీ రిపోర్టు చేతికి రాగానే అందరూ చూసేది ఒక్కటే: పాజిటివా, నెగటివా? చూడాల్సినవి ఇంకో రెండు ఉన్నాయి. అనుమానం మొదలైన రోజు నుంచి లెక్కేస్తే ఆ టెస్టు ఎన్నో రోజున చేశారు? దాంతోపాటు హెపటైటిస్ సీ టెస్టు కూడా చేశారా?

మొదటిది పట్టించుకోకపోతే, ఒంట్లో వైరస్ ఉన్నా ‘నెగటివ్’ అన్న కాగితంతో ఇంటికి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. రెండోది పట్టించుకోకపోతే, 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమయ్యే జబ్బు ఏళ్ల తరబడి లివర్‌ను దెబ్బతీస్తున్నా మీకు తెలియదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారికి ఇది ఎక్కడో దూరాన ఉన్న సమస్య కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనాల ప్రకారం దేశంలోని వయోజనుల్లో హెచ్‌ఐవీ 0.21 శాతం మందిలో ఉంటే, ఏపీలో 0.67 శాతం మందిలో ఉంది. అంటే దేశ సగటుకు మూడు రెట్లు. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఖ్యలో మహారాష్ట్ర తర్వాతి స్థానం మనదే. ఆ సంఖ్య సుమారు 3.21 లక్షలు. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి చెన్నై, బెంగళూరు, వేలూరుకు పనులకీ ఆస్పత్రులకీ తిరిగేవాళ్లు ఎక్కువ. టెస్టు ఒక ఊళ్లో, మందులు ఇంకో ఊళ్లో అయినప్పుడు ఈ రెండు ప్రశ్నలూ మధ్యలోనే జారిపోతాయి.

తొలి నాలుగు వారాలు: వైరస్ ఎక్కడ ఉంటుంది?

వైరస్ ఒంట్లోకి చేరాక సుమారు పది రోజులు ఏ టెస్టుకూ దొరకదు. లోపలికి వచ్చిన చోట, దగ్గర్లోని లింఫ్ గ్రంథుల్లో పెరుగుతూ ఉంటుంది. 10-12 రోజులకు దాని జన్యుపదార్థం, అంటే ఆర్‌ఎన్‌ఏ, రక్తంలో కనిపించడం మొదలవుతుంది. ఇంకో వారం లోపు పీ24 అనే వైరస్ ప్రొటీన్ కనిపిస్తుంది. మన శరీరం తయారుచేసే యాంటీబాడీలు టెస్టులో తేలేసరికి సాధారణంగా మూడు, నాలుగు వారాలు పడుతుంది. కొందరిలో ఇంకా ఆలస్యం కావచ్చు.

ఈలోపే అసలు నష్టం మొదలవుతుంది. హెచ్‌ఐవీ ముఖ్యంగా దాడిచేసేది సీడీ4 కణాల మీద. ఎవరు ఎప్పుడు ఎలా పోరాడాలో మిగతా రక్షణ కణాలకు చెప్పేవి ఇవే. వీటిలో పెద్ద భాగం పేగుల గోడల్లో ఉంటుంది. ఆ పేగుల్లోని సీడీ4 కణాల్లో ఎక్కువ భాగం తొలి వారాల్లోనే నశిస్తాయి. రక్తంలో సీడీ4 లెక్క చూస్తే మాత్రం నష్టం అంత ఘోరంగా కనిపించదు. అందుకే ‘సీడీ4 బాగానే ఉంది కదా, మందులు తర్వాత చూద్దాం’ అనుకోవడం సరికాదు.

ఇదే సమయంలో వైరస్ కొన్ని కణాల్లోకి దూరి నిద్రాణంగా ఉండిపోతుంది. మందులు రక్తంలోని వైరస్‌ను అణచగలవు కానీ, ఈ దాక్కున్నదాన్ని తుడిచేయలేవు. హెచ్‌ఐవీకి జీవితాంతం మందులు వాడాల్సి రావడానికి కారణం ఇదే.

సోకిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య చాలామందికి జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దుర్లు, మెడలో గడ్డలు, ఒళ్లునొప్పులు వస్తాయి. కొందరిలో ప్లేట్‌లెట్లూ తగ్గుతాయి. వానాకాలంలో దీన్ని డెంగీ అనో, వైరల్ ఫీవర్ అనో అనుకోవడం సహజం. కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది కూడా. అలా తగ్గిపోవడమే చిక్కు. జ్వరం పోయింది, వైరస్ పోలేదు. పైగా రక్తంలో వైరస్ అత్యధికంగా ఉండేదీ, భాగస్వామికి సోకే అవకాశం బాగా ఎక్కువగా ఉండేదీ ఈ రోజుల్లోనే.

రక్షణ వ్యవస్థ అంత గోల చేసినా ఎందుకు ఓడిపోతుంది?

కోవిడ్ రోజుల్లో ‘సైటోకైన్ స్టార్మ్’ అనే మాట వినే ఉంటారు. సైటోకైన్లు అంటే రక్షణ కణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయన సంకేతాలు. తొలి దశ హెచ్‌ఐవీలోనూ అలాంటి తుపానే రేగుతుంది.

దీన్ని స్పష్టంగా చూపించిన అధ్యయనం ఒకటి 2009లో ‘జర్నల్ ఆఫ్ వైరాలజీ’లో వచ్చింది. అమెరికాలో క్రమం తప్పకుండా ప్లాస్మా ఇచ్చే దాతల్లో కొందరికి మధ్యలో వైరస్ సోకింది. వాళ్లు అంతకుముందు, ఆ తర్వాత ఇచ్చిన ప్లాస్మా నమూనాలు భద్రంగా ఉన్నాయి. పరిశోధకులు వాటిని వరుసగా పరీక్షించి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ ఇన్‌ఫెక్షన్లను పోల్చి చూశారు. హెచ్‌ఐవీలో వైరస్ పతాక స్థాయికి చేరకముందే ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-15 వంటి సంకేతాలు ఒక్కసారిగా ఎగిశాయి. హెపటైటిస్ సీలో స్పందన ఆలస్యంగా, తక్కువ స్థాయిలో వచ్చింది. హెపటైటిస్ బీలో మరీ తక్కువ.

ఇక్కడ ఆలోచించాల్సిన విషయం ఉంది. పెద్దయ్యాక హెపటైటిస్ బీ సోకినవారిలో అత్యధికులు ఏ మందూ లేకుండానే ఆ వైరస్‌ను వదిలించుకుంటారు. అంటే, అంత గోల లేకుండానే గెలుస్తారు. హెచ్‌ఐవీలో శరీరం అందరికంటే ఎక్కువ హడావుడి చేసి కూడా గెలవలేదు. ఎందుకంటే హెచ్‌ఐవీకి కావాల్సింది ఉత్తేజితమైన సీడీ4 కణాలే. అలారం మోగినకొద్దీ అవి మేల్కొంటాయి, మేల్కొన్నకొద్దీ వైరస్‌కు ఆహారం పెరుగుతుంది.

అలాగని శరీరం పూర్తిగా చేతులెత్తేయదు. సీడీ8 అనే పోరాట కణాలు వైరస్ ఉన్న కణాలను చంపుతూ, కొన్ని వారాల్లో దాని స్థాయిని బాగా కిందకు దించుతాయి. మందులు లేకపోతే వైరస్ ఆ స్థాయి దగ్గర ఏళ్ల తరబడి కుదురుకుంటుంది. ఆ స్థాయి ఎంత ఎక్కువైతే జబ్బు అంత వేగంగా ముదురుతుంది.

హెపటైటిస్ సీ: చప్పుడు చేయని వైరస్

హెపటైటిస్ సీ వైరస్‌ను 1989లో గుర్తించారు. ఆ కృషికి 2020లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇది ప్రధానంగా రక్తం ద్వారా వ్యాపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం కొత్తగా సోకినవారిలో సుమారు 80 శాతం మందికి ఏ లక్షణమూ ఉండదు. పచ్చకామెర్లు కనిపిస్తాయని ఎదురుచూస్తే చాలామందిలో అవి రానే రావు.

సోకినవారిలో దాదాపు 30 శాతం మందిలో ఆరు నెలల లోపు వైరస్ దానంతట అదే పోతుంది. మిగతావారిలో ఉండిపోయి లివర్‌ను నెమ్మదిగా గట్టిపరుస్తుంది. అలా ఉండిపోయినవారిలో 15 నుంచి 30 శాతం మందికి 20 ఏళ్లలో సిరోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. హెపటైటిస్ బీకి టీకా ఉంది, సీకి లేదు.

రెండూ కలిస్తే ఎవరికి లాభం?

వైరస్‌లకే. హెపటైటిస్ సీని శరీరం సొంతంగా వదిలించుకోవాలంటే సీడీ8 కణాలు నెలల తరబడి గట్టిగా పోరాడాలి. వాటికి దన్నుగా సీడీ4 కణాలు ఉండాలి. ఆ దన్నునే హెచ్‌ఐవీ పడగొడుతోంది. అందువల్ల మూడు మార్పులు వస్తాయి.

మొదటిది, హెచ్‌ఐవీ ఉన్నవారిలో హెపటైటిస్ సీ దానంతట అది పోయే అవకాశం తగ్గుతుంది. రెండోది, ముందే హెపటైటిస్ సీ ఉన్నవారికి హెచ్‌ఐవీ సోకితే రక్తంలో హెపటైటిస్ సీ వైరస్ స్థాయి పెరుగుతుంది. మూడోది, లివర్ దెబ్బతినే వేగం పెరుగుతుంది. హెచ్‌ఐవీ కూడా ఉన్నవారికి సిరోసిస్ ముప్పు సుమారు రెండింతలని అనేక అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణల్లో తేలింది.

మరి హెపటైటిస్ సీ వల్ల హెచ్‌ఐవీ వేగంగా ముదురుతుందా? ఇక్కడ సమాధానం అంత సూటిగా లేదు. రెండూ ఉన్నవారి రక్షణ కణాలు ఎప్పుడూ కొంత ఎక్కువ ఉత్తేజంతో ఉంటాయని చాలా పరిశోధనల్లో కనిపించింది. మందులు మొదలుపెట్టాక సీడీ4 కణాలు నెమ్మదిగా పెరుగుతున్నాయని కొన్ని అధ్యయనాలు చెబితే, పెద్దగా తేడా లేదని మరికొన్ని చెప్పాయి. కాబట్టి దిశ ఒకవైపే స్పష్టం: హెచ్‌ఐవీ వల్ల హెపటైటిస్ సీ ముదురుతుంది. రోగి కోణంలో తొందరపడటానికి ఆ ఒక్క కారణం చాలు.

టెస్టు ఎప్పుడు చేయించుకోవాలి?

దేశంలో హెచ్‌ఐవీ తొలిసారి బయటపడింది 1986లో. చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్ మార్గదర్శకత్వంలో డాక్టర్ నిర్మల సేకరించిన రక్త నమూనాలను పరీక్షించింది చిత్తూరుకు సుమారు గంట ప్రయాణ దూరంలో ఉన్న వేలూరు సీఎంసీలోనే. అప్పటి నుంచి టెస్టులు చాలా మారాయి. ఏ టెస్టు ఎంతకాలం ఆగితే నమ్మదగ్గదో తెలిస్తే సగం గందరగోళం తీరుతుంది.

ఆర్‌ఎన్‌ఏను నేరుగా వెతికే టెస్టు వైరస్‌ను 10 నుంచి 33 రోజుల మధ్య పట్టగలదు. యాంటీబాడీ, పీ24 రెండూ చూసే ల్యాబ్ టెస్టుకు 18 నుంచి 45 రోజులు పడుతుంది. యాంటీబాడీలను మాత్రమే చూసే ర్యాపిడ్ టెస్టులకు 23 నుంచి 90 రోజులు. అంటే ప్రమాదం జరిగిన రెండు వారాలకే ర్యాపిడ్ టెస్టులో నెగటివ్ వచ్చినా నిశ్చింతగా ఉండకూడదు. మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోవాలి. ఈలోపు కండోమ్ వాడాలి, రక్తదానం చేయకూడదు.

హెపటైటిస్ సీ విషయంలో ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. దీని యాంటీబాడీలు కనిపించేసరికి సాధారణంగా 8 నుంచి 11 వారాలు పడుతుంది. హెచ్‌ఐవీ వల్ల సీడీ4 బాగా తగ్గినవారిలో ఇంకా ఆలస్యం కావచ్చు, కొందరిలో అసలు రాకపోవచ్చు. అలాంటివారికి లివర్ ఎంజైములు కారణం లేకుండా పెరిగి ఉంటే, యాంటీబాడీ టెస్టు నెగటివ్ వచ్చినా ఆర్‌ఎన్‌ఏ టెస్టు అవసరమా అని డాక్టర్‌ను అడగండి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. వైరస్ దానంతట అది పోయినవారిలో, మందులతో నయమైనవారిలో కూడా యాంటీబాడీ టెస్టు పాజిటివ్‌గానే ఉండిపోతుంది. అందుకే యాంటీబాడీ పాజిటివ్ చూసి కంగారుపడకండి. ఇప్పుడు జబ్బు ఉందో లేదో చెప్పేది ఆర్‌ఎన్‌ఏ టెస్టే.

తలనీలాలు, పచ్చబొట్టు, సూది: ఏది ప్రమాదం?

తిరుమల కల్యాణకట్టలో రోజూ వేలాది మంది తలనీలాలు సమర్పిస్తారు. ‘బ్లేడుతో హెచ్‌ఐవీ వస్తుందా?’ అన్న భయం చాలామందికి ఉంటుంది. శరీరం బయట ఎండిన రక్తంలో హెచ్‌ఐవీ త్వరగా శక్తి కోల్పోతుంది. బ్లేడు ద్వారా సోకే అవకాశం చాలా చాలా తక్కువ. హెపటైటిస్ సీ మాత్రం మొండిది. రక్తపు మరకల్లో గది ఉష్ణోగ్రత దగ్గర వారాల తరబడి బతకగలదు. అందుకే కల్యాణకట్ట అయినా, వీధి చివర సెలూన్ అయినా నియమం ఒకటే: మీ కళ్ల ముందు కొత్త బ్లేడు పెట్టాలి. జాతరలో వేసే పచ్చబొట్టు సూదికీ ఇదే వర్తిస్తుంది.

నిజంగా జాగ్రత్తపడాల్సింది వాడిన సిరంజితోనే. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగార్‌మవ్ ప్రాంతంలో పదుల సంఖ్యలో హెచ్‌ఐవీ కేసులు బయటపడ్డాయి. ఒకే సిరంజితో చాలామందికి సూదులు వేశాడన్న ఆరోపణపై అర్హత లేని ఒక వైద్యుడిపై కేసు నమోదైంది. మాత్రతో పోయేదానికి సూది అడగకండి. సూది తప్పదంటే కొత్త సిరంజి కవర్ మీ ముందే చింపమనండి.

మరి హెపటైటిస్ సీ టెస్టు ఎవరు చేయించుకోవాలి? హెచ్‌ఐవీ ఉన్న ప్రతి ఒక్కరూ. డయాలసిస్‌లో ఉన్నవారు, తలసీమియా వంటి జబ్బులతో తరచూ రక్తం ఎక్కించుకునేవారు, ఎప్పుడైనా డ్రగ్స్ ఇంజెక్షన్లు తీసుకున్నవారు కూడా. మన దేశంలో దానం చేసిన రక్తానికి హెపటైటిస్ సీ టెస్టు తప్పనిసరి అయింది 2000ల ఆరంభంలోనే. అంతకుముందు కాన్పులోనో, ఆపరేషన్‌లోనో రక్తం ఎక్కించుకున్న మీ అమ్మానాన్నలకు కూడా ఒకసారి ఈ టెస్టు చేయించండి.

మందుల సంగతేంటి?

ప్రభుత్వ కేంద్రాల్లో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. ఒకప్పుడు సీడీ4 పడిపోయేదాకా ఆగేవారు. 2017 నుంచి ఆ నిబంధన లేదు. పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ, సీడీ4 ఎంత ఉన్నా, చికిత్స ఇవ్వాలి. త్వరగా మందులు మొదలుపెడితే భాగస్వామికీ రక్షణ. చెన్నై, పుణెలు కూడా పాలుపంచుకున్న హెచ్‌పీటీఎన్ 052 అనే అంతర్జాతీయ అధ్యయనం 2011లో దీన్ని తేల్చింది. త్వరగా చికిత్స మొదలుపెట్టిన వారి నుంచి భాగస్వాములకు సోకడం 96 శాతం తగ్గింది.

ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది టీఎల్‌డీ. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర, రోజుకు ఒకటి. ఇందులోని మొదటి రెండూ హెపటైటిస్ బీని కూడా అణచిపెడతాయి. హెపటైటిస్ సీ మీద మాత్రం దీని ప్రభావం లేదు. ‘లివర్‌కు కూడా ఇదే మాత్ర పనిచేస్తుందిలే’ అని వదిలేయకూడదు.

హెపటైటిస్ సీకి వేరే మందులున్నాయి. సోఫోస్‌బువిర్ అమెరికా మార్కెట్లోకి 2013లో వచ్చినప్పుడు మాత్ర ధర వెయ్యి డాలర్లు. ఆ తర్వాత లైసెన్సులు పొంది చవగ్గా తయారుచేసిన భారతీయ కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన హెటిరో, నాట్కో ఉన్నాయి. 2018 జులై 28న కేంద్రం ప్రారంభించిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద టెస్టులు, మందులు రెండూ ఉచితం. సిరోసిస్ లేనివారికి సాధారణంగా సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ 12 వారాలు ఇస్తారు. 95 శాతానికి పైగా నయమవుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలోనూ దాదాపు అంతే.

డాక్టర్‌కు తప్పక చెప్పాల్సినవి మూడు. ఎఫావిరెంజ్ ఉన్న పాత ఏఆర్‌టీ వాడుతుంటే డక్లాటాస్‌విర్ మోతాదు పెంచాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ హెపటైటిస్ సీ మందులను పనిచేయనివ్వదు, రెండూ కలిపి వాడకూడదు. హెపటైటిస్ బీ కూడా ఉంటే ముందే తెలియాలి, లేకపోతే సీ తగ్గుతుండగా బీ విజృంభించవచ్చు. ఇంకోటి, ఒకసారి నయమైనా రక్షణ రాదు. హెపటైటిస్ సీ మళ్లీ సోకవచ్చు.

తిరుపతి, చిత్తూరులో ఎక్కడికి వెళ్లాలి?

హెచ్‌ఐవీ టెస్టు ప్రభుత్వ ఆస్పత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో ఉచితం. టెస్టుకు ముందూ తర్వాతా కౌన్సెలర్ మాట్లాడతారు. ఒక్క టెస్టుతో పాజిటివ్ అని చెప్పరు. వేర్వేరు కిట్లతో మూడు టెస్టుల్లోనూ తేలితేనే నిర్ధారిస్తారు. తిరుపతి రుయా ఆస్పత్రిలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది. అక్కడే అలిపిరి రోడ్డులో స్విమ్స్ కూడా ఉంది. మీకు దగ్గర్లోని కేంద్రం ఏదో తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి. అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్, కాల్‌కు డబ్బు పడదు.

ఆస్పత్రి సిబ్బందికి సూది గుచ్చుకున్నా, లైంగిక దాడి జరిగినా వెంటనే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలి. 28 రోజుల నివారణ మందులను ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. ఈ మందులు హెపటైటిస్ సీని ఆపలేవు కాబట్టి దానికి విడిగా టెస్టులు చేయించుకోవాలి.

‘ఎవరికైనా తెలిస్తే?’ అన్న భయంతోనే చాలామంది ఆగిపోతారు. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా టెస్టు చేయకూడదు, మీ వివరాలు బయటపెట్టకూడదు. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు నిరాకరించడం చట్టవిరుద్ధం.

రెండు కార్యక్రమాలు, ఒకే మనిషి

హెచ్‌ఐవీకి డిసెంబర్ 1, హెపటైటిస్‌కు జులై 28. ర్యాలీలు వేరు, బ్యానర్లు వేరు. ప్రభుత్వంలో కార్యక్రమాలూ వేరు, ఆస్పత్రిలో ఓపీ గదులూ వేరు. హెచ్‌ఐవీ ఉన్నవారికి హెపటైటిస్ సీ టెస్టు చేయాలని హెపటైటిస్ కార్యక్రమమే చెబుతోంది. కానీ ఆ మాట కాగితం దాటి మీదాకా రావాలంటే ఒక గదిలోని రిపోర్టు ఇంకో గదికి చేరాలి. ప్రస్తుతం చాలా సందర్భాల్లో ఆ కాగితం మోసుకెళ్లేది రోగే. ఒకరోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషిని ‘ఇంకోరోజు అక్కడికి వెళ్లండి’ అంటే, ఆ ఇంకోరోజు చాలాసార్లు రాదు.

దీనికి కొత్త ఆస్పత్రులు అక్కర్లేదు. ఏఆర్‌టీ కోసం తీసిన రక్తంతోనే హెపటైటిస్ బీ, సీ టెస్టులు అదే రోజు చేయడం, పాజిటివ్ వస్తే అక్కడి నుంచే ఆర్‌ఎన్‌ఏ నమూనా పంపడం, మందులు ఏఆర్‌టీ కౌంటర్‌లోనే ఇవ్వడం. ఈ మూడూ జరిగితే తేడా తెలుస్తుంది.

అవి జరిగేదాకా మీ చేతిలో ఉన్నది ఒక ప్రశ్న. మీరో, మీవాళ్లో ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్తే కౌన్సెలర్‌ను ఇలా అడగండి: ‘మా ఫైల్లో హెపటైటిస్ బీ, సీ రిపోర్టులు ఉన్నాయా?’ లేవంటే, ఆ రోజే రక్తం తీయమనండి.